రిటైరైన ఫౌజీల పేర్లు కార్డు మీద ఎలా రాయాలి, మైకులో ఏమని పిలవాలి

ఒడిశాలో గుణుపురం దగ్గర మీ ఊళ్ళో కొత్త లైబ్రరీ గది తెరుస్తున్నారు. రిబ్బన్ కత్తిరించడానికి లీడర్లు వద్దనుకుని, సైన్యంలో చేసి వచ్చిన నలుగురిని పిలుద్దామనుకున్నారు. హవల్దార్‌గా రిటైరైన మీ పెదనాన్నగారు, సుబేదార్ మేజర్‌గా చేసి చివర్లో హానరరీ కెప్టెన్ అయిన పక్క ఊరాయన, నేవీలో చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా చేసినాయన, మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో మేజర్‌గా చేసిన ఒక మేడమ్. కార్డు తెలుగులోనూ ఒడియాలోనూ వేయించాలి. ర్యాంకు రాయాలా, రిటైర్డ్ అన్న మాట ఎక్కడ పెట్టాలి, మైకులో ఏమనాలి, ఎదురుపడితే ఏమని పిలవాలి అని అడిగారు. "రిటైరయ్యాక ఇంకా ర్యాంకేంటి, అందరికీ శ్రీ అని పెట్టేయ్" అని మీ నాన్నగారు అన్నారని కూడా రాశారు.

నేను 28 ఏళ్ళు ఆర్మీలో క్లర్కుగా చేసి సుబేదార్‌గా బయటికొచ్చాను. ఉండేది పర్లాకిమిడిలో. ఫైరింగ్ రేంజిలో కంటే టైప్‌రైటర్ ముందు ఎక్కువ గడిపినవాణ్ణి. పేరుకు ముందు ఏం రావాలి, వెనక ఏం రావాలి అని చూడడమే నా ఉద్యోగం. ఇక్కడ మాజీ సైనికుల సభలకు ఆహ్వానాలూ, సన్మానాల జాబితాలూ ఇప్పటికీ ఎక్కువగా నా చేతుల మీదుగానే వెళ్తాయి. అందులో నేను చేసిన తప్పు కూడా ఒకటుంది, అదీ చెప్తాను.

ముందు మీ నాన్నగారి మాట. రిటైరయ్యే రోజు మేం రైఫిల్ అప్పజెబుతాం, ఐడీ కార్డు అప్పజెబుతాం, దుప్పట్లూ మెస్ టిన్నూ లెక్కపెట్టి స్టోర్‌లో ఇచ్చి క్లియరెన్స్ మీద సంతకాలు చేయించుకుంటాం. ర్యాంకును మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోరు. డిశ్చార్జి బుక్కులో రాయించుకుని ఇంటికి తెచ్చుకుంటాం. 2014లో ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ సరిగ్గా దీని మీదే ఒక ఉత్తరం తీసింది. రిటైరయ్యేది ఆఫీసరే గానీ ర్యాంకు కాదు, కాబట్టి రిటైర్డ్ అన్న మాట ర్యాంకు పక్కన కాకుండా పేరు తర్వాత రావాలని దాని సారాంశం. అంటే "కల్నల్ (రిటైర్డ్) ఫలానా" అని రాస్తే తప్పు, "కల్నల్ ఫలానా (రిటైర్డ్)" అని రాస్తే ఒప్పు. ఆ ఉత్తరం ఆఫీసర్ల గురించే అయినా, సుబేదార్లకూ హవల్దార్లకూ మేం అదే వరస వాడతాం. పతకాలు ఉంటే పేరుకూ రిటైర్డ్‌కూ మధ్యలో వస్తాయి.

స్వతంత్ర భారతంలో బిరుదులు రద్దు కదా అని ఒకసారి ఇక్కడి కుర్ర వకీలు ఒకాయన నాతో వాదనకు దిగాడు. రద్దే. కానీ ఆ రద్దు చేసిన రాజ్యాంగం 18వ అధికరణంలోనే సైనిక, విద్యా సంబంధమైన గౌరవాలను మినహాయించారు. డాక్టరేట్ వచ్చినాయన డాక్టర్ అని రాసుకున్నట్టే సుబేదార్ కూడా సుబేదార్ అని రాసుకుంటాడు. ఇక ఫీల్డ్ మార్షల్ లాంటి అయిదు నక్షత్రాల ర్యాంకుకైతే రిటైర్డ్ అన్న మాటే ఉండదు, ప్రాణం ఉన్నన్నాళ్ళూ సర్వీసులో ఉన్నట్టే లెక్క. మానెక్‌షా, కరియప్ప, వైమానిక దళం నుంచి అర్జన్ సింగ్, ఈ ముగ్గురికే అది దక్కింది. ఆ సమస్య మీ లైబ్రరీకి రాదు.

శ్రీ తీసేయండి. ర్యాంకు ఉన్నచోట శ్రీ ఉండదు, ర్యాంకే ఆ పని చేస్తుంది. "శ్రీయుత సుబేదార్ మేజర్ ఫలానా గారు" అని మన ప్రెస్సు వాళ్ళు అలవాటు కొద్దీ వేస్తారు, ప్రూఫ్‌లో కొట్టేయండి. గారు మాత్రం ఉంచండి. ఇంగ్లీషులో ర్యాంకూ పేరూ రాస్తే చాలు, తెలుగులో పేరు తర్వాత గారు లేకపోతే హాజరు పట్టీ చదువుతున్నట్టుంటుంది.

మన పత్రికల్లో "మాజీ కల్నల్" అని రాస్తుంటారు. నాకది చదివినప్పుడల్లా మాజీ సర్పంచ్ గుర్తొస్తాడు. సర్పంచ్ పదవి పోతుంది కాబట్టి మాజీ అవుతాడు. కల్నల్ మాజీ కాడు. అందరినీ కలిపి మాజీ సైనికులు అనడంలో తప్పులేదు, ప్రభుత్వ కాగితాల్లోనూ అదే మాట. ఒక్కొక్కరి ర్యాంకుకు ముందు మాత్రం అది తగిలించకండి. "విశ్రాంత సుబేదార్" కూడా అంతే. వాక్యంలో రాయాల్సి వస్తే "విశ్రాంత సైనికుడు సుబేదార్ ఫలానా గారు" అని తిప్పి రాస్తే విశ్రాంతి మనిషికి తగులుతుంది, ర్యాంకుకు తగలదు. అంతకు మించి తెలుగు చేయబోకండి. ఒకసారి ఒక మాస్టారు హవల్దార్ని "విశ్రాంత దళ ఉపనాయకులు" అని రాసి పంపారు. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం కొట్లాడిన ఊళ్ళో కూర్చుని అది అచ్చు వేయడానికి నాకు మనసొప్పలేదు. హవల్దార్, సుబేదార్ అన్నవి మన తాతలకు కూడా తెలిసిన మాటలే.

ఒడియా వైపు కార్డులో రిటైర్డ్‌కు "అబసరప్రాప్త" అని వేస్తారు. మన చెవికి అది అవసరం వచ్చిపడినవాడు అన్నట్టు వినిపిస్తుంది. పెన్షన్ మీద బతుకుతున్నవాళ్ళం కాబట్టి మేమెవరం పెద్దగా అభ్యంతరం చెప్పం.

ఇప్పుడు మీ జాబితాలో అందరికంటే ఎక్కువ తప్పు జరగబోయే మనిషి దగ్గరికి వద్దాం. సుబేదార్ మేజర్‌గా చేసినాయన. ఆ తప్పు, ర్యాంకును పొట్టి చేసి మేజర్ అనేయడం.

కొన్నేళ్ళ కిందట ఆగస్టు 15కి ఒక హైస్కూల్లో సభ జరిగింది. ఏ బడో చెప్పను, వాళ్ళు మంచి మనసుతోనే చేశారు. మాలో ఒకాయన హవల్దార్. సర్వీసులో ఉన్నప్పుడు కంపెనీ హవల్దార్ మేజర్‌గా చేశాడు, అంటే కంపెనీలో డ్రిల్లూ, క్రమశిక్షణా, డ్యూటీలూ చూసే బాధ్యత. అది ర్యాంకు కాదు, పని. ర్యాంకు హవల్దారే. బడి వాళ్ళు వివరాలు అడిగితే ఆయన మనవడు "హవల్దార్ మేజర్" అని రాసిచ్చాడు. యాంకరింగ్ చేస్తున్న టీచర్‌కు అది పొడుగనిపించిందేమో, "ఇప్పుడు మేజర్ గారిని వేదిక మీదకు ఆహ్వానిస్తున్నాం" అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎవరూ లేవలేదు. ఆమె మళ్ళీ పిలిచింది. మావాడు ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి తిరిగి, మేజర్ సాబ్ ఎక్కడ కూర్చున్నారా అని వెతుకుతున్నాడు. ఆయన పక్కనే ఉన్న నేను మోచేత్తో పొడిచి "నిన్నే" అన్నాను. వేదిక మెట్లు ఎక్కుతున్నంతసేపూ ఆయన తల ఎత్తలేదు. మైకు ఇస్తే మొదటి మాటే, "నేను మేజర్ని కాదమ్మా, హవల్దార్ని" అన్నాడు. ఆ మాట అనాల్సి రావడం ఎంత ఇబ్బందో ఆలోచించండి. తనను పెంచి పిలిస్తే, తనే తగ్గించుకుని చెప్పుకోవాలి. చెప్పకపోతే దొంగతనం చేసినట్టుంటుంది. కింద కూర్చున్నవాళ్ళలో తెలిసినవాడు ఒక్కడున్నా, "ఈయనే మేజర్ అని చెప్పుకుంటున్నాడేమో" అనుకుంటాడు. మాలో ఆ మాట పడటం కంటే పెద్ద అవమానం లేదు.

పొట్టి చేయడానికి ఒక లెక్కుంది. లెఫ్టినెంట్ కల్నల్‌ని ఎదురుగా పిలిచేటప్పుడు కల్నల్ అంటారు. మేజర్ జనరల్‌నీ, లెఫ్టినెంట్ జనరల్‌నీ జనరల్ అంటారు. అవి రాతలో పూర్తిగా, మాటలో పొట్టిగా. నాయబ్ సుబేదార్‌ని కూడా మాటలో సుబేదార్ సాబ్ అనేస్తారు. కానీ సుబేదార్ మేజర్ని మేజర్ అనకూడదు, ఎందుకంటే మేజర్ అన్నది వేరే ర్యాంకు, కమిషన్డ్ ఆఫీసర్ది. పోలిక లేదు. సుబేదార్ మేజర్ అంటే జేసీవోల్లో, అంటే జవాన్లకూ ఆఫీసర్లకూ మధ్యనుండే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లలో, అందరికంటే పైన ఉండేవాడు, పల్టన్ మొత్తంలో జవాన్ల తరఫున సీవో (కమాండింగ్ ఆఫీసర్) సాబ్‌తో మాట్లాడగలిగే మనిషి. కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్ ర్యాంకులో ఆయనకంటే పైనే, అయినా ఆయన్ని సాబ్ అనే పిలుస్తాడు. అలాంటి ర్యాంకును ఎవరూ మేజర్‌గా మార్చి పెద్దది చేయనక్కర్లేదు. అది అసలే పెద్దది.

మీ పక్క ఊరాయన ఇంకో మెట్టు ఎక్కి హానరరీ కెప్టెన్ అయ్యారు. కొద్దిమంది జేసీవోలకు సర్వీసు చివర్లో గానీ రిటైరయ్యాక గానీ ఇచ్చే గౌరవం ఇది. జనవరి 26కో ఆగస్టు 15కో ప్రకటిస్తారు, గెజిట్‌లో పేరొస్తుంది. సియాచిన్‌లో శత్రువు పోస్టు పట్టుకున్నందుకు పరమవీర చక్ర తీసుకున్న బాణా సింగ్ గారూ, టైగర్ హిల్ మీద తూటాలు దిగినా ఆగకుండా ఎక్కి పరమవీర చక్ర అందుకున్న యోగేంద్ర సింగ్ యాదవ్ గారూ ఇలా హానరరీ కెప్టెన్లు అయినవాళ్ళే. కార్డు మీద "హానరరీ కెప్టెన్ ఫలానా గారు (రిటైర్డ్)" అని రాయండి. హానరరీ అన్న మాట ఎగరగొట్టకండి, అందులో చిన్నతనం లేదు, ఎంత కింద నుంచి మొదలుపెట్టి అక్కడికి చేరాడో ఆ మాటే చెప్తుంది. మైకులో, మాటల్లో కెప్టెన్ గారు అంటే చాలు. కెప్టెన్ వచ్చాక పాత సుబేదార్ మేజర్ కార్డు మీద అక్కర్లేదు. పరిచయం చేసేటప్పుడు ఆ ప్రయాణమంతా చెప్పుకోవచ్చు.

నా తప్పు ఇక్కడే జరిగింది. ఓ డిసెంబరు 16న, విజయ్ దివస్‌కి, సన్మానాల జాబితా నేనే టైపు చేశాను. మావాళ్ళలో ఒక పెద్దాయన హానరరీ లెఫ్టినెంట్. నాకు తెలుసు, తెలిసీ అలవాటు కొద్దీ సుబేదార్ అని కొట్టాను. జ్ఞాపికల మీద కూడా అలాగే చెక్కారు. ఆయన వేదిక మీద జ్ఞాపిక అందుకుని, ఫొటోకి నిలబడి, జై హింద్ అని దిగిపోయాడు. వారం తర్వాత ఉదయాన్నే మా ఇంటికి వచ్చాడు. టీ తాగాడు. పెన్షన్ గురించి, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్‌లో మందులు దొరకడం లేదని, అవీ ఇవీ మాట్లాడాడు. లేవబోతూ సంచీలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. పీపీవో (పెన్షన్ ఆర్డరు), రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సు, వాటి మధ్యలో నాలుగు మడతలు పెట్టిన గెజిట్ కాగితం. బల్ల మీద పరిచి బొటనవేలితో మడతలు సాపు చేసి, ఒక లైను మీద గోరు పెట్టాడు. "నాయినా, ఇక్కడ నా పేరుంది చూడు" అన్నాడు. అంతే. తప్పు చేశావనీ అనలేదు, జ్ఞాపిక మార్చమనీ అనలేదు. కాగితం మళ్ళీ మడిచి కవర్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు. జ్ఞాపిక నా డబ్బులతో మళ్ళీ చేయించి ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆ రోజు నుంచి జాబితాలో ప్రతి పేరుకూ ఫోన్ చేసి అడుగుతాను. "సర్, కార్డు మీద మీ పేరు ఎలా వేయమంటారు?" ఈ ఒక్క ప్రశ్న నలుగురికీ మీరే స్వయంగా వేయండి. కొడుకులనూ మనవలనూ అడగొద్దు, వాళ్ళు పెంచి చెప్తారు.

పెంచి చెప్పడంలో ప్రతిసారీ దురుద్దేశం ఉండదు. ఒక్కోసారి కాగితాలే తికమక పెడతాయి. జవాన్లకు 8, 16, 24 ఏళ్ళ సర్వీసుకు ప్రమోషన్ రాకపోయినా పై ర్యాంకు జీతం ఇచ్చే పద్ధతి ఉంది, ఎంఏసీపీ అంటారు. దాని కింద హవల్దార్‌కి నాయబ్ సుబేదార్ గ్రేడు జీతం రావచ్చు. పెన్షన్ కాగితంలో ఆ గ్రేడు కనిపిస్తుంది. అది చూసి ఇంట్లోవాళ్ళు నాయబ్ సుబేదార్ అని శుభలేఖలు కొట్టించేస్తారు. వచ్చింది జీతం, ర్యాంకు కాదు. అదే హవల్దార్‌కి రిటైరయ్యేటప్పుడు హానరరీ నాయబ్ సుబేదార్ ఇచ్చి ఉంటే అది నిజంగా వచ్చిన గౌరవం, దాన్ని రాయాలి. మీ పెదనాన్నగారి విషయంలో ఈ రెండిట్లో ఏదో కనుక్కోండి.

నేవీ ఆయన గురించి. చీఫ్ పెట్టీ ఆఫీసర్‌లో పెట్టీ అన్న మాట చూసి మనవాళ్ళు జంకుతారు. పెట్టీ కేసు, పెట్టీ క్యాష్ అలవాటైన చెవులు కదా. ఒక కమిటీ వాళ్ళు మర్యాద కోసమని దాన్ని తీసేసి "చీఫ్ ఆఫీసర్" చేశారు. చీఫ్ ఆఫీసర్ అంటే సరుకు ఓడల్లో ఉండే ఉద్యోగం, ఇండియన్ నేవీ ర్యాంకు కాదు. ఉన్నది ఉన్నట్టు రాయండి. చీఫ్ పెట్టీ ఆఫీసర్ అంటే ఆర్మీలో నాయబ్ సుబేదార్‌కు సమానం, చిన్నదేం కాదు. మాటల్లో "చీఫ్" అంటే వాళ్ళకు ఇష్టం, ఓడల్లో అలాగే పిలుచుకుంటారు. పేరు తర్వాత "భారత నౌకాదళం" అని చేర్చండి. ఇది లేకపోతే ఎక్కువ తికమక వచ్చేది కెప్టెన్ దగ్గర. నేవీ కెప్టెన్ ఆర్మీ కల్నల్‌కు సమానం, ఆర్మీ కెప్టెన్ నేవీ లెఫ్టినెంట్‌కు సమానం. విశాఖ దగ్గర కాబట్టి మన ప్రాంతంలో మర్చంట్ నేవీ కెప్టెన్లూ ఉన్నారు. ఎయిర్‌ఫోర్స్‌లో గ్రూప్ కెప్టెన్ మళ్ళీ వేరు, ఆయన్ని ఉత్త కెప్టెన్ అనకూడదు. వింగ్ కమాండర్‌ని ఉత్త కమాండర్ అన్నా అంతే, అది నేవీ ర్యాంకు. ఎయిర్‌ఫోర్స్‌లో కార్పొరల్‌గా చేసి వచ్చినాయన ఒకరిని బరంపురంలో ఒక సభలో కార్పొరేటర్ గారు అన్నారు. ఆయన వార్డు సమస్యలు వింటూ ఓపిగ్గా కూర్చున్నాడు.

మేడమ్ విషయంలో జాగ్రత్త. మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌లో చేరేవాళ్ళు లెఫ్టినెంట్‌గా కమిషన్ పొందిన ఆఫీసర్లు. మీ నలుగురిలో నిజమైన మేజర్ ఆమే, అందరికంటే పై ర్యాంకూ ఆమెదే. మనవాళ్ళు మాత్రం "సిస్టర్ గారు", "నర్సమ్మ గారు" అంటారు. ఆస్పత్రి వార్డులో ప్రేమగా అంటే అది వేరు. మైకులో మేజర్ ఫలానా గారు అనాలి. తెలుగులో ఇంకో అలవాటుంది: డాక్టర్ గారి భార్య డాక్టరమ్మ, కలెక్టర్ గారి భార్య కలెక్టరమ్మ. ఆ లెక్కన ఆమెను "మేజరమ్మ" అంటే సగం మందికి మేజర్ గారి భార్య అనిపిస్తుంది. అసలు జరిగిందే చెప్తున్నాను: ఒక పెళ్ళిలో ఇలాంటి మేడమ్‌నే "మీ వారు ఏ రెజిమెంట్ అమ్మా?" అని అడిగాడు ఒక పెద్దమనిషి. వాళ్ళాయన బ్యాంకులో పనిచేస్తాడు. ఎదురుగా పిలవాలంటే మేడమ్, లేదా మేజర్ గారు. జాబితాలో ఆమె పేరు చివర వేసి "మహిళా అతిథి" అనడం మానండి. ర్యాంకుల వరస పాటిస్తే ఆమె పేరు ముందు రావాలి. వయసు వరస పాటిస్తే అదీ మంచిదే, ఊరి సభకు అది అందంగానే ఉంటుంది. ఒక వరస పట్టుకుంటే చివరిదాకా అదే ఉంచండి.

ఇక్కడిదాకా కాగితం, మైకు. గడప దగ్గర లెక్క మారుతుంది. ఇంట్లో మీరు పెదనాన్నా అనే పిలవండి. మైకులో మాత్రం "హవల్దార్ ఫలానా గారు" అన్నాకే "మా పెదనాన్న" అనండి. పక్క ఊరి కెప్టెన్ గారు మీకు వరసకు మావయ్యో బాబాయో అయితే అలాగే పిలవొచ్చు, తొంభై శాతం మందికి అదే ఇష్టం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ర్యాంకుతో పిలిపించుకున్నవాళ్ళం, ఇంటికొచ్చేదే బాబాయ్ అనిపించుకోవడానికి. వరస లేనివాళ్ళను "సుబేదార్ గారూ", "కెప్టెన్ గారూ" అనండి. సాబ్ అన్నది మేం మేం అనుకునే మాట, మీరు అనకపోయినా లోటు లేదు, అంటే నవ్వుకుంటాం గానీ తప్పు పట్టం. "సుబేదార్ సాబ్ గారు" అని రెండూ కలిపేవాళ్ళు కూడా ఉన్నారు, మా పాలవాడు అలాగే అంటాడు. సెల్యూట్ కొట్టకండి. నమస్కారం చాలు, మరీ కావాలంటే జై హింద్.

"మిలట్రీ" అని మాత్రం పిలవకండి. మన పల్లెల్లో అది ఇంటిపేరు అయిపోతుంది: మిలట్రీ నాయుడు, మిలట్రీవాళ్ళ ఇల్లు, మిలట్రీవాళ్ళ గేదె. వెనకాల అనుకుంటే అనుకోనీండి, ఎదురుగా వద్దు. అలాగే ర్యాంకును ఎగతాళి పిలుపు చేయడం. "ఏం కెప్టెన్, క్యాంటీన్ నుంచి ఏం తెచ్చావ్?" అని రచ్చబండ దగ్గర పలకరించేవాళ్ళున్నారు. అడుగుతున్నది క్యాంటీన్ మందు సీసా అని తెలిసి ఆయన మొహమాటంతో నవ్వుతాడు. తర్వాత ఆ దారిన పోవడం తగ్గిస్తాడు.

పేరులో ఏ భాగం వాడాలన్నది మన తెలుగువాళ్ళకే ఉన్న చిక్కు. పల్టన్‌లో ఉత్తరాది వాళ్ళకు మన పేర్లు నోరు తిరగక, అందరినీ రావు సాబ్ చేసేశారు. నా యూనిట్లో ఒక టైములో ముగ్గురు రావు సాబ్‌లు ఉండేవాళ్ళం, ఫోన్ వస్తే ముగ్గురం లేచేవాళ్ళం. ఇంటికొచ్చాక ఇంటిపేరుతోనో రావుతోనో కాకుండా ర్యాంకు తర్వాత అసలు పేరు పూర్తిగా రాయండి, ఊళ్ళో ఆయన ఏ పేరుతో తెలుసో ఆ పేరు.

ఒడియా వైపు కార్డుకు ఇంకో చిక్కు, మీ జాబితాలో లేకపోయినా చెప్తున్నాను. నాయక్, లాన్స్ నాయక్ అన్న ర్యాంకులు. ఒడిశాలో నాయక్ అన్నది వీధికి నాలుగు ఇళ్ళకున్న ఇంటిపేరు. తెలుగాయన ర్యాంకు నాయక్ అని ముందు రాస్తే ఒడియా చదువరి అది ఇంటిపేరు అనుకుని పేరు తిరగేస్తాడు. పక్కన భారత సైన్యం అనో రెజిమెంట్ పేరో వేస్తే సరిపోతుంది. వాళ్ళనేం అనలేం, సేనాపతి, దళబెహెరా, పాయికరాయ్ అని పాతకాలపు సైనిక హోదాలే ఇంటిపేర్లుగా మిగిలిన నేల ఇది. దఫేదార్‌దీ ఇదే గొడవ. ట్యాంకుల రెజిమెంట్లలో హవల్దార్‌ని దఫేదార్ అంటారు, సుబేదార్‌ని రిసాల్దార్ అంటారు. మన తెలుగులో దఫేదారు అంటే కలెక్టర్ గారి వెనక నడిచే బంట్రోతు. నాయబ్ సుబేదార్‌ని 1965 దాకా జమాదార్ అనేవారు, మనకు జమాదారు అన్నా ఆఫీసు బంట్రోతే. పాత ఫొటో వెనక తాతగారి ర్యాంకు జమాదార్ అని ఉంటే సిగ్గుపడి దాచేసిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. అది జేసీవో ర్యాంకు అని నేను చెప్పాక ఫ్రేము కట్టించారు.

మిగతావి గబగబా. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వాళ్ళు హోం శాఖ కింద పనిచేస్తారు, వాళ్ళ ర్యాంకులు వేరు. రాయగడ, కొరాపుట్ వైపు క్యాంపులు చూసి చూసి జనం అందరినీ మిలట్రీ అనేస్తారు. "ఇన్‌స్పెక్టర్ ఫలానా గారు, సీఆర్‌పీఎఫ్ (రిటైర్డ్)" అని రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. కాలేజీలో ఎన్‌సీసీ చూసే లెక్చరర్లకు లెఫ్టినెంట్, కెప్టెన్ ర్యాంకులుంటాయి, వాళ్ళకు పక్కన ఎన్‌సీసీ అని వేయండి. 2022లో అగ్నిపథ్ వచ్చాక చేరినవాళ్ళ ర్యాంకు పేరే అగ్నివీర్. నాలుగేళ్ళు చేసి తిరిగొచ్చిన కుర్రాణ్ణి పిలిస్తే "అగ్నివీర్ ఫలానా" అనే రాయండి, వయసు చూసి ర్యాంకు వదిలేయకండి. ధోనీకి 2011లో టెరిటోరియల్ ఆర్మీలో హానరరీ లెఫ్టినెంట్ కల్నల్ ఇచ్చారు, అయినా ఎవరూ కల్నల్ ధోనీ అనరు. అదే నాగపూర్‌లో పుట్టిన మన తెలుగాయన, పాతతరం క్రికెటర్ సీకే నాయుడు గారికి హోల్కర్ సంస్థానం ఇచ్చిన కల్నల్ మాత్రం పేరుకు అతుక్కుపోయి, ఇవాళ్టికీ కుర్రాళ్ళ టోర్నమెంట్ కల్నల్ సీకే నాయుడు ట్రోఫీయే. జనం నోట ఏది నిలుస్తుందో చెప్పలేం.

చనిపోయినవాళ్ళ పేరు రాయాల్సి వస్తే కీర్తిశేషులు అని పెట్టి ర్యాంకు ఉంచండి, రిటైర్డ్ తీసేయండి. సర్వీసులో ఉండగా పోయినవాళ్ళకు రిటైర్డ్ అన్న ప్రశ్నే లేదు. కార్గిల్‌లో తోలోలింగ్ దగ్గర ప్రాణాలిచ్చిన మేజర్ పద్మపాణి ఆచార్య గారు ఎప్పటికీ మేజరే. ఒడిశా మూలాలున్న కుటుంబం, పుట్టింది హైదరాబాద్‌లో. మన రెండు వైపులవాళ్ళూ మావాడే అంటారు.

మీ కార్డుకు నేనైతే ఇలా వేస్తాను. ర్యాంకు వరస పెట్టుకున్నాను, వయసు వరస కావాలంటే మార్చుకోండి:

మేజర్ ఫలానా గారు, మిలిటరీ నర్సింగ్ సర్వీస్ (రిటైర్డ్)
హానరరీ కెప్టెన్ ఫలానా గారు, భారత సైన్యం (రిటైర్డ్)
చీఫ్ పెట్టీ ఆఫీసర్ ఫలానా గారు, భారత నౌకాదళం (రిటైర్డ్)
హవల్దార్ ఫలానా గారు, భారత సైన్యం (రిటైర్డ్)

ఒడియా వైపు కూడా ఇదే వరస, ర్యాంకు మాటలు అనువాదం చేయకుండా ఒడియా లిపిలో అలాగే. సభ రోజు యాంకరింగ్ చేసేవాళ్ళ చేతికి ఈ నాలుగు లైన్లూ పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసివ్వండి, అక్కడికక్కడ పొట్టి చేయడానికి వీల్లేకుండా.

మీ పెదనాన్నగారు "నాది హవల్దారే కదా, నా పేరు వద్దులే, వాళ్ళ ముగ్గురిదీ వేయి" అంటారు. అంటారని పందెం కాస్తాను. వినకండి. ప్రూఫ్ వచ్చాక అచ్చుకి ఇచ్చే ముందు ఒకసారి ఆయన చేతిలో పెట్టండి. కళ్ళజోడు దగ్గర లేకపోతే మీరే చదివి వినిపించండి.